వరదలో పొలం పోయింది, నాన్న మళ్లీ దున్నుతానంటున్నాడు: అమ్మేసి హైదరాబాద్ రమ్మనాలా?

అమ్మా, చదివే మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్న, ఇంటర్ చదివే తమ్ముడు ఖమ్మం దగ్గర మున్నేరు పక్క ఊళ్లో ఉంటారు. సొంతం మూడెకరాలు, కౌలుకు మరో రెండెకరాల చెలక (మెట్ట భూమి). 2024 సెప్టెంబర్ 1 వరదలో వరి మొత్తం పోయింది. పొలంలో కొంత మేర ఇసుక మేట వేసింది, ఏటి అంచున కొంత కోసుకుపోయింది. రెండు గేదెల్లో ఒకటి కొట్టుకుపోయింది, మోటారు మునిగింది. చెలకలో పత్తి నిలబడింది కానీ ఆకు ఎర్రబడి వడలుతోంది. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు, మాట్లాడితే "నీళ్లు తీశాయిగా, మళ్లీ దున్నుతా" అంటున్నారు. మీరేమో అంతా అమ్మేసి హైదరాబాద్ వచ్చేయమంటున్నారు. ఎవరిది రైటు అని అడిగారు.

ఈ ఏడాది భూమి అమ్మొద్దు. అలాగని మూడెకరాలూ ఒకేసారి బాగుచేయడానికి బయట అప్పు కూడా తేవొద్దు. చేతికి మొదట వచ్చే డబ్బు మిగిలిన గేదె మీద, పత్తి మీద, సొంత పొలంలో అన్నిటికంటే తక్కువ దెబ్బతిన్న ముక్క మీద పెట్టండి. ఇసుక మేట వేసవి దాకా ఆగుతుంది. అమ్మాలా వద్దా అన్నది వచ్చే వానాకాలం పంట అయ్యాక మాట్లాడుకోండి.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు అత్తాపూర్‌లో ఉంటున్నాను. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు ఇవతల అలంపూర్, రాజోలి వైపు పంట నష్టం అంచనాల పనిలో తిరిగాను. ఆ తర్వాత కూడా ఆ ఊళ్లకు చాలాకాలం పోతూ వచ్చాను. కాబట్టి వరద వచ్చిన వారం కుటుంబం ఎలా ఉంటుందో, మూడేళ్ల తర్వాత ఎలా ఉంటుందో రెండూ చూశాను.

అప్పు వద్దని ఎందుకంటున్నానంటే, సెప్టెంబర్‌లో పంట పోయిందంటే పెట్టుబడి అప్పటికే అంతా పెట్టేసి ఉంటారు. దుక్కి, నారు, నాట్ల కూలి, మొదటి దఫా ఎరువు, పైగా ముందే కట్టిన కౌలు. ఎరువుల కొట్టులో ఖాతా ఉంటుంది. ఇవన్నీ సంక్రాంతి నాటికి తీర్చాల్సినవి. ఇప్పుడు పొలం బాగుచేయడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 36 శాతం అవుతుంది. మేట తీసిన పొలం మొదటి పంటకు అంత రాబడి ఇవ్వదు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ వరద ఏడాది చితికిపోలేదు, దాని తర్వాతి ఏడాది చితికిపోయాయి.

రాజోలి వైపు ఇద్దరు అన్నదమ్ములుండేవారు. ఒకే సర్వే నంబరు పంచుకున్న పొలాలు, ఇద్దరికీ మోకాలి లోతు మేట. పెద్దాయన వడ్డీకి తెచ్చి జేసీబీ పెట్టి ఒక్క వారంలో మొత్తం ఎత్తించాడు. ఆ తొందరలో ఇసుకతో పాటు కింద ఉన్న నల్లమట్టి కూడా పోయింది. రెండు పంటలు సరిగా రాలేదు, చివరికి అప్పుకింద కొంత భూమి అమ్మాడు. చిన్నాయన ఎకరం మాత్రమే ఎత్తించి, మిగతా ఇసుకలో గుంతలు తీసి పశువుల ఎరువు పోసి పుచ్చ పెట్టాడు. గొప్పగా మిగల్లేదు గానీ ఇల్లు గడిచింది. మిగిలిన పొలం ఒక్కో వేసవిలో కొంచెం కొంచెం బాగుచేసుకున్నాడు. ఇందులో ఆయన తెలివి ఎంత, ఆయనకు ఎక్కడా అప్పు పుట్టకపోవడం ఎంత అంటే నేను చెప్పలేను.

ఇక పొలం సంగతి. నాన్నగారి దృష్టిలో అది మూడెకరాల పొలం. మీరు, తమ్ముడు కలిసి దాన్ని మూడు రకాలుగా విడగొట్టండి. పార తీసుకుని ప్రతి మడిలో నాలుగైదు చోట్ల తవ్వి, పాత నేల తగిలేదాకా లోతు కొలవండి. కాగితం మీద మడి గీసి అంకె రాయండి. మేట మీద ఉన్నది ఇసుకా, ఒండ్రా అన్నది కూడా రాయండి. రెండూ ఒకటి కాదు.

ఒండ్రు మట్టి నాలుగు అంగుళాల లోపు ఉంటే ఎత్తొద్దు, అది మీకు లాభమే. ఎండితే పైన గట్టి పొర కడుతుంది కాబట్టి పదును చూసి దున్ని కింది మట్టిలో కలపాలి. బురదగా ఉన్నప్పుడు ట్రాక్టర్ దింపితే నేల గట్టిపడి ఏళ్ల తరబడి బాధ పెడుతుంది. నాన్నగారి తొందరలో నాకు భయం కలిగించేది ఇదే. ఆ ముక్కలో అక్టోబర్, నవంబర్‌లో మొక్కజొన్న వేసుకోవచ్చు. మీ వైపు యాసంగి (రబీ) మొక్కజొన్న అందరికీ అలవాటే. మినుము, పెసర అయితే ఖర్చు ఇంకా తక్కువ. ఇప్పుడు మళ్లీ వరి నాటడం మాత్రం వద్దు, కాలం దాటిపోయింది. యాసంగిలో వరి వేసేట్టుంటే ఆఖరి దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, కొత్త మేట నేలల్లో జింక్ లోపం తరచూ వస్తుంది.

ఇసుక మూడు నాలుగు అంగుళాల లోపైతే లోతు దుక్కితో కలిసిపోతుంది. అలాంటి చోట వేరుశనగ బాగా వస్తుంది. అంతకంటే ఎక్కువైతే ఎత్తాల్సిందే, కానీ వేసవిలో. అందాకా పుచ్చ, దోస లాంటివి గుంతల్లో పెట్టొచ్చు, లేదా వదిలేయొచ్చు. ఏమీ వేయకపోవడం నామోషీ అని నాన్నగారు అనుకోవచ్చు. ఎరువు, కూలి దండగ పెట్టి చచ్చు పంట తీయడం కంటే ఒక కారు (సీజన్) బీడు పెట్టడం మేలు.

మూడోది ఏటి అంచున కోసుకుపోయిన ముక్క. దాని మీద ఇప్పుడు రూపాయి పెట్టకండి.

"ఇసుక మేమే ఊరికే ఎత్తుకుపోతాం" అని వచ్చేవాళ్లను పొలంలో దిగనివ్వకండి. ఇది ప్రతి వరద తర్వాతా జరుగుతుంది. వాళ్లకు కావలసింది ఇసుక, మీ పొలం కాదు. రాత్రికి రాత్రి లోడింగ్ చేసి అడుగున ఉన్న మంచి మట్టిని కూడా గుల్ల చేసిపోతారు. పైగా పట్టా భూమిలో పడిన ఇసుకైనా అమ్మాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలి. కేసు పడితే లారీ వాడితో పాటు పట్టాదారు మీద కూడా పడొచ్చు. ఎత్తించేటప్పుడు పాత నేల రంగు కనబడగానే ఆపేలా మనిషి పక్కనే నిలబడాలి.

సాయం డబ్బు గురించి ఊళ్లో చాలా గందరగోళం ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించింది, అది పంట నష్టానికి. కానీ చాలామంది అక్కడితో ఆగిపోతారు. విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన నిబంధనల్లో (2022-26 కాలానికి) వేరే పద్దులు కూడా ఉన్నాయి. పొలంలో ఇసుక గానీ ఒండ్రు గానీ 3 అంగుళాలకు మించి పడితే తీయడానికి హెక్టారుకు 18,000, అంటే ఎకరానికి సుమారు 7,200. నది దారి మారి భూమి కొట్టుకుపోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000. పాడి గేదె చనిపోతే 37,500. ఇల్లు దెబ్బతింటే అది మరో పద్దు. ఇవి అడిగితేనే రాసుకుంటారు. అంచనాకు వచ్చిన మనిషి రోజుకు ఎన్నో ఊళ్లు తిరుగుతుంటాడు, "వరి, మూడెకరాలు, నూరు శాతం" అని రాసుకుని పోతాడు. నేనూ ఆ పనిలో తిరిగినవాణ్ణే, ఎండలో ఎలా రాస్తామో తెలుసు. అందుకే పైన చెప్పిన మేట లోతుల కాగితం, తేదీతో ఫోటోలు, సర్వే నంబరు, పాస్‌బుక్ నకలు ఒక దగ్గర పెట్టుకుని, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఒకటి, తహసీల్దార్ ఆఫీసులో ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. మేట కొలిచేటప్పుడు స్కేలు కనబడేలా ఫోటో తీయడం మర్చిపోకండి.

గేదె కొట్టుకుపోయింది, కళేబరం దొరకలేదు అన్నారు. అది కష్టమే, కానీ దారి లేకపోలేదు. పంచాయతీ కార్యదర్శి, పశువుల డాక్టరు, ఇద్దరు పొరుగువాళ్ల సంతకాలతో పంచనామా రాయించుకోవాలి. పాలకేంద్రంలో మీ అమ్మగారి పేరిట పాలు పోసిన పుస్తకం ఉంటే అది మంచి రుజువు. ఆలస్యమైతే "అసలు గేదె ఉందా" అనే ప్రశ్న వస్తుంది.

ఒక మాట మాత్రం కచ్చితంగా చెప్పాలి. మన రాష్ట్రం 2020లోనే ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి బయటకు వచ్చింది. కాబట్టి ఈ వరి మీద బీమా డబ్బు వస్తుందని ఎవరైనా దరఖాస్తు పేరుతో డబ్బులు అడిగితే ఇవ్వకండి. రైతు బీమా అన్నది 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకు ఉండే జీవిత బీమా, పంటకు సంబంధం లేదు.

బ్యాంకు సంగతి వేరే. నాన్నగారి పంట రుణం 2024 జూలై, ఆగస్టుల్లో మాఫీ అయినవాటిలో ఉంటే, ఆయన బహుశా మళ్లీ బ్యాంకుకు పోయి ఉండరు. వెంటనే పోయి కొత్త రుణం తీసుకోమనండి. సకాలంలో కడితే నాలుగు శాతం వడ్డీ పడే డబ్బు అక్కడ ఉంటే, ఊళ్లో 36 శాతానికి తేవడం ఎందుకు? మాఫీ కాకుండా బాకీ ఉంటే మేనేజర్‌ను రీషెడ్యూల్ అడగండి. రిజర్వ్ బ్యాంకు 2024 నాటి ఆదేశాల ప్రకారం, ప్రభుత్వం విపత్తుగా ప్రకటించిన చోట పంట నష్టం 33 నుంచి 50 శాతమైతే రెండేళ్ల దాకా, 50 శాతం దాటితే ఐదేళ్ల దాకా గడువు ఇవ్వొచ్చు. అందులో మొదటి ఏడాది కట్టక్కర్లేదు. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ నిర్ణయం అయ్యాకే కింద బ్రాంచిలో కదులుతుంది, కాబట్టి మొదటిసారి "మాకు ఆర్డరు రాలేదు" అంటే నిజమే కావచ్చు. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, మళ్లీ మళ్లీ కనుక్కోవాలి.

పత్తి దగ్గరకు వస్తే, ఇది ఈ వారమే చేయాల్సిన పని. చాళ్ల మధ్య నీరు ఇంకా ఉంటే కాలువ తీసి బయటకు పంపండి. ఎండిపోతున్న మొక్కల మొదళ్లు, వాటి చుట్టుపక్కల మొక్కల మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. ఆకుల మీద లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) పిచికారీ చేయాలి, అయిదారు రోజులకు మరోసారి. నేల కాస్త ఆరాక ఎకరానికి 30 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ పైపాటుగా వేయండి. మొక్కకు వేరు ఊపిరాడక ఆకు ఎర్రబడింది, దానికి కొట్టులో పురుగుమందు అంటగడితే తీసుకోవద్దు.

మోటారు స్విచ్ వేయకండి. నీళ్లు తీశాయి కదా అని స్టార్టర్ నొక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మోటారు విప్పి మెకానిక్‌కు ఇచ్చి ఆరబెట్టించి, పరీక్ష చేయించి, అవసరమైతే వైండింగ్ చేయించాలి. స్టార్టర్ డబ్బా కొత్తది పెట్టడమే మంచిది. వాలిన స్తంభం, తెగిన వైరు లైన్‌మన్ వచ్చేదాకా ముట్టొద్దు.

మిగిలిన గేదె ఇప్పుడు మీ ఇంటికి ఆధారం. పంట డబ్బు ఆర్నెల్లకు వస్తుంది, పాల బిల్లు పదిహేను రోజులకు వస్తుంది. తడిసి బూజు పట్టిన గడ్డి వేయొద్దు. మెట్ట ఊళ్ల నుంచి ఎండుగడ్డి ఒక ట్రాలీ కొనండి, మీరు పంపే డబ్బుకు ఇది మొదటి ఖర్చు కావాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేశారో లేదో అడగండి. బురదలో పడుకుంటే పొదుగువాపు వస్తుంది, కొట్టంలో పొడి మట్టి పోయించండి. పశువుకు బాగోలేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

కౌలు రెండెకరాల గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, కానీ నిజమైన చిక్కు అక్కడే ఉంది. సాయం ఏదైనా చాలావరకు పట్టా ఉన్నవాడి ఖాతాలోనే పడుతుంది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం 2011 నుంచి ఉన్నా, ఆచరణలో కార్డున్న కౌలు రైతు మీకు అరుదుగా కనిపిస్తాడు. నష్టం రాసేటప్పుడు సాగు చేసింది నాన్నగారేనని రాయించండి. దానితో పని కాకపోయినా, ఆసామితో (భూమి యజమానితో) మాట్లాడటానికి కాగితం ఉంటుంది. దసరాకు అందరూ ఊళ్లో ఉంటారు కాబట్టి, ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టి, చెలకకు వచ్చిన సాయం సాగుదారుకే అందాలని, పత్తి దిగుబడి తగ్గితే కౌలు కొంత తగ్గించాలని అడగండి. చాలామంది ఆసాములు పూర్తిగా కాదనరు. అడిగేది మీరు కాకుండా ఊరి పెద్దయితే పని తొందరగా అవుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ రమ్మనడం గురించి. వరద గుర్తులు గోడల మీద ఉండగానే అమ్మితే ఎవరూ సరైన ధర ఇవ్వరు, ఇది మీకూ తెలుసు. నాకు ఇంకో విషయం ముఖ్యం. ఊళ్లో మూడెకరాల రైతుగా తలెత్తుకు తిరిగిన మనిషి, ఇక్కడ యాభై అయిదేళ్ల వయసులో చేయగలిగే పనులు ఏమిటి? నిజాంపేట, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లను పలకరించి చూడండి, చాలామందికి ఎక్కడో పొలం ఉండేది. నాకు తెలిసిన అలంపూర్ వైపు కుటుంబం ఒకటి అలాగే వచ్చింది. ఆయన లిఫ్టు పక్క గదిలో ఇమడలేక ఏడాదికే తిరిగి వెళ్లిపోయాడు. భార్య మాత్రం పిల్లల చదువు కోసం ఉండిపోయి, నాలుగిళ్లలో వంట చేసి ఇద్దర్నీ డిగ్రీ దాకా తెచ్చింది. అందుకే అందరికీ ఒకే సలహా ఇవ్వను. మీ అమ్మగారిని విడిగా అడగండి. ఆమెకు ఏం కావాలో ఇంతవరకు ఎవరూ అడిగినట్టు మీ ప్రశ్నలో లేదు.

అయితే మీ భయం తప్పు కాదు. మున్నేరు 2023 జూలైలో 30 అడుగులు దాటింది, ఈసారి ఖమ్మం దగ్గర 36 అడుగుల దాకా వచ్చింది. వరుసగా రెండేళ్లు. మనముంటున్న ఈ నగరమే 1908 సెప్టెంబర్ 28న మూసీలో వేలమందిని పోగొట్టుకుంది. విశ్వేశ్వరయ్యను పిలిపించి ప్రణాళిక వేయించుకుని, ఉస్మాన్‌సాగర్ కట్టేసరికి 1920, హిమాయత్‌సాగర్ పూర్తయ్యేసరికి 1927 వచ్చాయి. నిజాం ఖజానా ఉన్న నగరానికే అంత కాలం పట్టింది. ఏటి పక్క రైతు దాని కోసం కూర్చోలేడు, పంటల వరస తనే మార్చుకోవాలి. ఏటి అంచు ముక్కలో వానాకాలం వరి, మిర్చి మానేసి, జూన్‌లో జీలుగ (పచ్చిరొట్ట ఎరువు పైరు) చల్లి వదిలేయండి. వరద వస్తే విత్తనం ఖర్చు పోతుంది, రాకపోతే కలియదున్ని అక్టోబర్‌లో మొక్కజొన్న వేసుకోవచ్చు. ఇలా రెండేళ్లు చేసి చూసి, అప్పటికీ లెక్క కుదరకపోతే ఆ ముక్క ఒక్కటీ అమ్మేయండి. మూడెకరాలూ ఎందుకు?

నాన్నగారు మాట్లాడటం లేదన్నారు. పని కల్పించుకుని తిరుగుతున్నంతవరకు కొంత నయమే. నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాట వచ్చినా ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు ఈరోజే తీసి వేరే ఇంట్లో తాళంలో పెట్టించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరు ఒక నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లండి. వెళ్లి భూమి అమ్మే మాట ఎత్తకండి. మేట కొలిచే పని ఆయనతో కలిసి చేయండి, మాటలు అక్కడే వస్తాయి.

"ఆడపిల్ల సొమ్ము తినను" అని మీరు పంపిన డబ్బు వెనక్కి ఇచ్చారని రాశారు. ఆ తరం అంతే, వాదించి లాభం లేదు. ఆయన చేతికి ఇవ్వకండి. గడ్డి ట్రాలీ డబ్బు అమ్మగారి ఖాతాకు వేయండి, తమ్ముడి ఫీజు కాలేజీకి నేరుగా కట్టండి, మోటారు వైండింగ్ డబ్బు మెకానిక్‌కు ఫోన్‌పేలో పంపండి. ఎరువుల కొట్టు ఖాతా మాత్రం మీరు తీర్చకండి, అది ఆయన కొట్టువాడితో మాట్లాడుకోవాల్సింది. మీరు కడతారని తెలిస్తే ఆ ఖాతా ఇంకా పెరుగుతుంది. తమ్ముణ్ణి పొలం పనుల పేరుతో ఈ ఏడాది కాలేజీ మాన్పించకుండా చూడండి.

మేట కొలతలు వచ్చాక మడుల వారీగా లోతు, ఇసుకా ఒండ్రా, బోరు పనిచేస్తోందా లేదా అన్నవి ఇక్కడే రాయండి, ఏ ముక్కలో ఏం వేయొచ్చో చెబుతాను. వేరుశనగ వేసే ఆలోచన ఉంటే మాత్రం అక్టోబర్ దాటనివ్వకండి, విత్తనం ఇప్పుడే వెతకడం మొదలుపెట్టండి.